మూడు మూరల దగ్గర ఆగిన పంచె

పోయిన మాఘంలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళి ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డు వారనే ఉన్న ఒక ఏసీ కల్యాణమండపంలో జరిగింది. ముహూర్తం పదిన్నరకైతే నేను గవర్నర్‌పేటలో సిటీ బస్సెక్కి, ఆటో మాట్లాడతామని ఇంట్లోవాళ్ళు మొత్తుకుంటున్నా వినకుండా, ఎనిమిది కాకముందే అక్కడ దిగాను. ఎందుకంటే అందరికంటే ముందు వెళ్ళి మధుపర్కాలు చూడటం నాకు యాభై ఏళ్ళుగా ఉన్న జబ్బు. వంటలేమిటో, నగలెన్నో నాకు పట్టవు. తాళి కట్టే వేళకు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కట్టుకునే ఆ ఎర్రంచు తెల్లబట్టలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపి చూస్తే చాలు, ఆ ఇంటివాళ్ళు ఏపాటి శ్రద్ధతో పెళ్ళి చేస్తున్నారో తెలిసిపోతుందని నా నమ్మకం. షుగరు వల్ల రెండేళ్ళుగా నా వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి, వేడి కాఫీ గ్లాసు పట్టుకున్నా కాలినట్టు ఎప్పటికో గాని తెలియదు. అయినా అలవాటు పోలేదు.

మధుపర్కాలు పళ్ళెంలో పసుపు కుంకుమల పక్కన లేవు. జిప్పు సంచిలో ఉన్నాయి, సంచికి నంబరు వేసిన చీటీ ఒకటి వేలాడుతోంది. నేను జిప్పు లాగబోతుంటే నల్లచొక్కా వేసుకున్న ఈవెంటు వాళ్ళ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"తాతగారూ, ముట్టుకోకండి ప్లీజ్, ఐరన్ పోతుంది. తాళి అయ్యాక మేం మళ్ళీ తీసేసుకోవాలండీ. రేపు హనుమాన్ జంక్షన్‌లో ఇంకో పెళ్ళుంది."

"రేపటి పెళ్ళికీ ఇవే బట్టలా?"

"ఇవేనండీ. పంచెకి ఎలాస్టిక్ ఉంటుంది కదా, ఎవరికైనా సరిపోతుంది."

నా వేళ్ళు పనిచెయ్యకపోయినా కళ్ళు పనిచేస్తున్నాయి. అది నూలు కాదు. ఆ ఎరుపు నేసిన అంచూ కాదు, మిషను మీద అద్దిన రంగు. మధుపర్కం అంటే ఒక మనిషికి జీవితంలో ఒక్కసారి కట్టే బట్ట. దాన్ని ఇవాళ ఒకడి నడుం నుంచి విప్పి రేపు ఇంకొకడి నడుముకి తగిలిస్తారా! బారాతులూ, డ్రోన్లూ, ఎక్కడివో తెలియని సంగీత్‌లూ అన్నీ చూసి నోరు మూసుకున్నాను గాని ఇది చూసి ఊరుకోలేకపోయాను. పెళ్ళికూతురి తండ్రి, అంటే మా చెల్లెలి పెద్దకొడుకు, ఎదురైతే అక్కడే పట్టుకుని కడిగేశాను. మగ్గాల ఇంట్లో పుట్టినవాడివి, నీకు సిగ్గు లేదా అన్నాను. వాడు చుట్టూ చూసి, "మామయ్యా, నువ్వు మొదలెట్టకు. పిల్లకి నచ్చింది, పిల్లాడికి నచ్చింది, మధ్యలో నీకూ నాకూ ఎందుకు చెప్పు" అంటూ వంటవాళ్ళ వైపు జారుకున్నాడు.

ఇక మిగిలింది మా చెల్లెలు. బావగారు పోయి రెండేళ్ళయింది, శుభకార్యంలో ముందుకు రాకూడదని తను వెనక వరసలో కూర్చోబోతే, మనవరాలు పెళ్ళిముస్తాబులోనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. నేను వెళ్ళి ఆ పక్కనే కూలబడి గొంతెత్తబోయాను. చెల్లెలు నా వైపు తిరగలేదు. ఒళ్ళో ఉన్న చేతిసంచీని రెండు చేతులతో పట్టుకుని, వేదిక వైపే చూస్తూ, "కూర్చో అన్నయ్యా. మధుపర్కాల సంగతి మాత్రం నువ్వు మాట్లాడకు" అంది.

డెబ్బై ఏళ్ళ మనిషి. పుట్టి బుద్ధెరిగాక నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతిని యాభై ఏళ్ళు ఒకరితో ఒకరం అనుకోకుండా గడిపేశాం. ఇప్పుడు మీతో చెబుతున్నాను. మగ్గం చప్పుడుకి నిద్రలేచిన వాళ్ళు ఇంకా మీలో కొందరైనా ఉండి ఉంటారు, నా గోడు మీకు తెలుస్తుంది.

మాది పెడన పక్కన ఊరు. వీధికి రెండు వైపులా మగ్గాల ఇళ్ళు, తెల్లవారేసరికి ప్రతి వీధిగదిలోనూ అడ్డపోగు మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరుగులు తీస్తుండేది. కొత్తవాళ్ళకు ఆ చప్పుడంతా ఒక్కటే, మాకు మాత్రం వీధిలో నడుస్తూ కళ్ళు మూసుకున్నా ఏ ఇంట్లో ఎవరు నేస్తున్నారో తెలిసేది. చప్పుడులోనే కాదు, బట్టలోనూ తెలిసేది. పేక పోగును దగ్గరికి కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో బరువు, అంచు దగ్గర పోగు తిప్పే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. చదువుకున్నవాళ్ళు దస్తూరీ గుర్తుపట్టరూ, అలాగే. నేను బళ్ళో చదివింది అయిదో తరగతి, ఆ తరవాతదంతా నూలు మూటలకు చుట్టి వచ్చిన పాత పేపర్లూ, ఊరి లైబ్రరీ అటకా నేర్పిందే. కాని బట్ట చదవడం మాత్రం అక్షరాల కంటే ముందు వచ్చింది.

ఈ చేతిగుర్తు మీదే మా వైపు నేతవాళ్ళ పెళ్ళిళ్ళలో ఒక ఆచారం ఉండేది. మా చుట్టుపక్కల అయిదారు ఊళ్ళు దాటితే దాన్ని ఎరిగినవాళ్ళు లేరు. నిశ్చితార్థం అయ్యాక పెళ్ళికొడుక్కి కట్టే మధుపర్కం పంచెను పెళ్ళికూతురు తన ఇంటి మగ్గం మీద స్వయంగా నెయ్యాలి. పెళ్ళికూతురి చీరను పెళ్ళికొడుకు తన ఇంటి మగ్గం మీద నెయ్యాలి. ఆ బట్ట మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ ఇంకో చెయ్యి దాన్ని తాకకూడదు. పీటల మీద అడ్డుతెర తియ్యక ముందే, ఒకరి మొహం ఒకరు చూడక ముందే, ఒకరి చెయ్యి ఒకరికి ఒంటి మీద తెలిసేదన్నమాట. మా చిన్నతాత కట్టుకోబోయే ఆవిడకు పెళ్ళి ముందు అమ్మవారు పోస్తే, ఆవిడ లేచి కూర్చుని మిగిలిన పంచె నేసేదాకా నాలుగు నెలలు ముహూర్తం వాయిదా వేసుకుని కూర్చున్నారట. మా పెద్దమ్మ పెళ్ళిలో పెళ్ళికొడుకు నేసిన చీర పల్చగా వచ్చిందని ఆడంగులంతా "ఇది చీరా, పిండి జల్లెడా?" అని ఏడిపిస్తే, ఆయన చచ్చేదాకా ఆ మాట మరిచిపోలేదు. పెద్దమ్మ మాత్రం ఆ జల్లెడనే ప్రతి పెళ్ళిరోజుకీ కట్టుకునేది.

మా నాన్న పోయేనాటికి నాకు ఇరవై నిండలేదు. ఇంటికి పెద్దవాణ్ణి నేనే అయ్యాను, అయినందుకు అందరికంటే ఎక్కువ అరిచేవాణ్ణి కూడా. నా ఇరవైనాలుగో ఏట చెల్లెలికి హనుమాన్ జంక్షన్ దగ్గర ఊరి నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు నేతలో గట్టివాడని పేరు, నెమ్మదస్తుడని పేరు. నేనూ అమ్మా వెళ్ళి చూశాం, మాట్లాడుకున్నాం, తాంబూలాలు పుచ్చుకున్నాం. ఇంటికొచ్చి చెల్లెలితో, ఫలానావాళ్ళకు ఇచ్చేశాం, పంచెకు పడుగు కట్టుకో అని చెప్పాను. అప్పట్లో అంతే. సంతకు వెళ్ళి కుండ తెచ్చినంత తేలిగ్గా చెప్పాను. దానికి పంతొమ్మిదేళ్ళు. వీధి మొత్తానికి దాని చెయ్యి మంచిదని ఎంత పేరంటే, ముసలి నేతగాళ్ళు కూడా దాని నేతను వెలుగుకెత్తి చూసి తల ఆడించేవాళ్ళు.

ఏమీ అనకుండా నిలువుపోగులు సాగదీసి పడుగు కట్టుకుంది. ఒకరోజూ మర్నాడు ఒక పూటా నేసింది. ఎనిమిది మూరల పంచెలో మూడు మూరలు అయింది. ఆ మధ్యాహ్నం అన్నానికి లేచి, తిని, గిన్నెలు తోమి, మళ్ళీ నేతకు కూర్చునే మగ్గం గుంటలో దిగలేదు. మర్నాడూ దిగలేదు, ఆ మర్నాడూ దిగలేదు. వొంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. ఇంటిపని అంతా ఎప్పట్లాగే చేసేది. వీధిగదిలోకి మాత్రం వచ్చేది కాదు. వారం గడిచింది. పందిరి రాటలు దిగాయి. నేను అరిచాను. నలుగురిలో పరువు తియ్యాలనుకుంటున్నావా అన్నాను, నాన్నే ఉంటే ఇలా చేసేదానివా అన్నాను. చాలా అన్నాను. ఎందుకు ఆపావమ్మా అని మాత్రం అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది, వస్తే దానికి ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

చివరికి అమ్మే అంది, "దానికేం తెలుసురా, చిన్నపిల్ల. ఎవరైనా అడిగితే జ్వరమొచ్చిందని చెబుదాం. నువ్వు కూర్చుని కానిచ్చెయ్."

కానిచ్చేశాను. తలుపు దగ్గరగా వేసుకుని రెండు పగళ్ళు కూర్చుని మిగిలిన అయిదు మూరలూ నేశాను. దాని చేతిని అనుకరించాలని ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేశాను, నా బరువు దెబ్బ అణుచుకున్నాను, అంచులు దానిలాగే తిప్పాను. వెనక పెరట్లో చెల్లెలు బియ్యం ఏరుతూ కూర్చుంది. గోడ అవతల నుంచి వచ్చే చప్పుడు దానిది కాదని దానికి తెలియదా? రెండో రోజు సాయంత్రం పంచె కోసి మడతపెడుతుంటే గుమ్మంలోకి వచ్చి ఒకసారి చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు, కోపమూ లేదు. చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు ఇప్పటికీ అలాగే కనపడుతుంది. ఏమీ అనిపించదు. అప్పుడూ ఏమీ అనిపించలేదు. పని అయిందనిపించింది.

పెళ్ళి మా ఇంటి ముందు పందిట్లోనే. పొద్దున తొమ్మిది దాటాక ముహూర్తం. మగపెళ్ళివారికి ఎదురింట్లో విడిది. పురోహితుడు మధుపర్కాలు ఇచ్చాక పెళ్ళికొడుకు కట్టుకు రావడానికి విడిదిలోకి వెళ్ళాడు, ఎంతకీ బయటికి రాలేదు. సన్నాయివాళ్ళు వాయించిందే మళ్ళీ వాయిస్తున్నారు. పురోహితుడు ఆకాశం వైపూ నా వైపూ చూస్తున్నాడు. అంతలో మగపెళ్ళివారి పెద్దాయనొకడు వచ్చి, "మా వాడు మిమ్మల్ని ఒక్కరినే రమ్మంటున్నాడండీ" అన్నాడు.

వెళ్ళాను. గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. పంచె కట్టుకోలేదు, మోకాళ్ళ మీద పరుచుకుని కూర్చున్నాడు. బొటనవేలు ఒకచోట ఆనించి ఉంది. సరిగ్గా మూడు మూరల దగ్గర.

"బావగారూ, ఇక్కడ చెయ్యి మారిందండీ" అన్నాడు, తప్పు తనదే అయినట్టు నెమ్మదిగా.

"అవునండీ. చెల్లికి జ్వరమొచ్చింది. ముహూర్తం దగ్గర పడిందని నేనే పూర్తిచేశాను. ఏమనుకోకండి."

ఆయన ఆ చోటును మళ్ళీ తడిమాడు. "జ్వరమొచ్చే చెయ్యి ముందే తెలుస్తుందండీ. దెబ్బ జారుతూ వస్తుంది. ఇది జారలేదు. ఆగింది."

నేతవాడికి నేతవాడు అబద్ధం ఎలా చెబుతాడు?

"గొడవ చెయ్యడానికి పిలవలేదండీ. ఆవిణ్ణి ఒక్కమాట అడిగి రండి. ఇష్టమేనంటే కట్టుకుని వచ్చేస్తాను. లేదంటే జ్వరం నాకే వచ్చిందని చెప్పి మావాళ్ళను నేను తీసుకెళ్ళిపోతాను. మీ పరువుకేం లోటు రాదు" అన్నాడు.

ఇరవైయారేళ్ళ మనిషి, ఆ రోజుల్లో, ఆ మాట అన్నాడు. మీలో ఆ కాలం ఎరిగినవాళ్ళు చెప్పండి, పెళ్ళికూతుర్ని అడిగి రమ్మన్న పెళ్ళికొడుకుని ఎక్కడైనా చూశారా?

వీధి దాటి మా ఇంట్లోకి వెళ్ళాను. మగ్గం గుంట మీద పలకలు పరిచి పసుపుకుంకుమల పళ్ళేలు పెట్టారు. లోపలి గుమ్మం దగ్గర నిలబడితే చెల్లెలు కనపడుతోంది, ఇద్దరు ఆడవాళ్ళు పూలజడ సర్దుతున్నారు. తలెత్తి నన్ను చూసింది. నన్నెవరో ఏదో అడగమని పంపారని దానికి తెలిసిపోయిందనే అనుకుంటాను, ఎందుకంటే జడ సర్దేవాళ్ళ చెయ్యి తీసేసి తిన్నగా కూర్చుంది, నోరు కొంచెం తెరిచింది. మధ్యలో నాలుగడుగుల దూరం. పందిట్లో మూడు వందలమంది. వీధిలో పొయ్యిల మీద గంగాళాలు.

"మంచినీళ్ళు ఏమన్నా కావాలా?" అన్నాను.

అది తెరిచిన నోరు మూసి తల అడ్డంగా ఊపింది. నేను మళ్ళీ వీధి దాటి వెళ్ళి, "అడిగానండీ. ఇష్టమేనంది" అని చెప్పాను.

ఆయన లేచి పంచె కట్టుకున్నాడు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ వరసగా అయిపోయాయి. వచ్చినవాళ్ళంతా భోజనాలు బాగున్నాయన్నారు.

ఆ తరవాత రెండేళ్ళలో మా వీధిలో సగం మగ్గాలు ఆగిపోయాయి, నూలు దొరకడం కష్టమైంది. నేను బెజవాడ వచ్చేసి గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో కుదిరాను. ఊళ్ళ నుంచి వచ్చే చేనేత బట్టలను చేత్తో తడిమి ఇది మొదటి రకం, ఇది రెండో రకం అని విడదీయడం నా పని. ముప్పై ఏళ్ళు అదే చేశాను. నా పెళ్ళి కూడా ఆ మధ్యే అయింది. నా మధుపర్కాలు కొట్లోవే, ఎవరు నేసినవో కూడా తెలియదు. మరమగ్గాల వాళ్ళు చేనేత అంచులు దొంగిలిస్తున్నారని పేపర్లకు ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్కలేదు, కొన్ని వేశారు కూడా. బట్టలో అబద్ధం ఉండకూడదని రాసేవాణ్ణి. ఆ మాటే రాసి, కింద సంతకం పెట్టేవాణ్ణి.

చెల్లెలికి పెళ్ళయి మూడేళ్ళు దాటినా కడుపు పండలేదు. మావాళ్ళు గుసగుసలు మొదలెట్టారు, అమ్మ మొక్కులు మొదలెట్టింది. నాకు కోపమొచ్చి ఒక ఆదివారం పొద్దున్నే హనుమాన్ జంక్షన్ బస్సెక్కి, అక్కడి నుంచి నడిచి వాళ్ళ ఊరు వెళ్ళి, మగ్గం మీద ఉన్న బావగారిని అలాగే పట్టుకున్నాను. "మా పిల్లను నలుగురూ గొడ్రాలంటుంటే మీరు నాడె ఆడిస్తూ కూర్చుంటారేమిటండీ? డాక్టరుకి చూపించారా అసలు?" అన్నాను. ఆయన నాడె ఆపి, నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, "ఇంకా టైముందండీ బావగారూ. తొందరపడితే పోగు తెగుతుంది కదండీ" అన్నాడు. ఎప్పుడూ అంతే మర్యాద. ఆ మర్యాద నాకు అప్పట్లో చేతకానితనంలా కనిపించింది.

ఆ గదిలో రెండో మగ్గం ఒకటి ఉంది. దాని మీద తెల్లటి పడుగు కట్టి ఉంది, దుమ్ము పడకుండా పైన పాత దుప్పటి కప్పి ఉంది. ఒక్క పోగు కూడా నెయ్యలేదు. పడుగు కట్టి వదిలేస్తే పాడవుతుందని మీకు నేను చెప్పాలా అని దానికీ అరిచాను. "అది మీ చెల్లెలుగారి మగ్గమండీ. పాతబడితే తీసేసి మళ్ళీ కొత్తది కడుతుంటాను" అన్నాడు. చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాకేమీ అర్థం కాలేదు. బట్ట చదవడం వచ్చని విర్రవీగినవాణ్ణి, ఎదురుగా ఉత్త పడుగు కనపడుతుంటే చదవలేకపోయాను.

ఆ మరుసటి ఏడు కడుపుతో ఉందని కబురొచ్చింది. పెద్దకొడుకు పుట్టాడు, తరవాత ఇంకో కొడుకూ ఒక ఆడపిల్లా. నేను అరిస్తేనే దారికొచ్చారని అందరితోనూ చెప్పుకున్నాను. బావగారు నలభై తొమ్మిదేళ్ళు మా చెల్లెలితో కాపురం చేశాడు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేవడం మానలేదు, అండీ అనడం మానలేదు, ఆ రోజు విడిదిలో నన్ను అడిగిన మాటను నలభై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయనకు తెలియదనే అనుకుంటూ బతికాను.

ఇవన్నీ తలుచుకుంటూ కూర్చున్నాను, తాళి అయిపోయింది. నల్లచొక్కా అమ్మాయి వచ్చి, ఫోటోలు అయ్యాయా అని కనుక్కుని, పిల్లలిద్దరూ బట్టలు మార్చుకోగానే మధుపర్కాలను మళ్ళీ జిప్పు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. జనం భోజనాలకు కదిలారు. మొదటి వరసలో మేమిద్దరమే మిగిలాం. అప్పుడు చెల్లెలు ఒళ్ళో చేతిసంచీ విప్పి ఒక తెల్లబట్ట మడత తీసి నా ఒళ్ళో పెట్టింది. పసుపు వెలిసిపోయి గోధుమరంగుకి తిరిగింది గాని అంచు ఎరుపు అలాగే ఉంది.

"పిల్లకి చూపిద్దామని తెచ్చాను. నువ్వు అరుస్తుంటే నీకే ముందు చూపించాలనిపించింది" అంది.

విప్పాను. ఆ పంచే. మూడు మూరల దగ్గర కోసి ఉంది, కోసినచోట సన్నటి కుట్టుతో ఇంకో బట్ట అతికి ఉంది. అవతలి వైపు నా నేత కాదు.

"పెళ్ళయిన మూడోనాడు ఆయన నన్ను అడిగారు, మీ అన్నయ్య వచ్చి అడిగాడా అని. మంచినీళ్ళు కావాలా అని అడిగాడన్నాను. ఆ రోజు నువ్వు నన్నడిగింది అదొక్కటేగా అన్నయ్యా. ఆయన లేచారు. కత్తెర తెచ్చి నీ అయిదు మూరలూ కోసేశారు. రెండో మగ్గం మీద పడుగు కట్టి, 'మిగతాది నీకు నెయ్యాలనిపించినప్పుడు నెయ్యి. అనిపించకపోతే మానెయ్యి' అన్నారు. నేను నేసేదాకా ఆయన పడక వీధిగదిలో, నాది వంటింటి పక్కగదిలో. నాలుగో ఏడు నడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. అంతే."

ఎవరి మీదైనా మనసుండి ఆపావా అని అడిగాను. అడగాల్సిన నాటికి యాభై ఏళ్ళు ఆలస్యంగా అడిగాను. అది నవ్వింది.

"ఎవరున్నారు నాకు, నీ కేకలు తప్ప. ఆయన మీదా కోపం లేదు. పెళ్ళినాడు ఆయన నేసిన చీర చేతికి రాగానే మనిషి మంచివాడని తెలిసింది. కాని అది ఆయన మాట. నా మాట ఒకటి ఉంటుంది కదా, అది ఎవరూ అడగలేదు. నోటితో చెప్పే ధైర్యం లేదు, అందుకని మగ్గం ఆపాను. అడుగుతావేమో అని వారం చూశాను. అడిగుంటే ఆ మర్నాడే నేసేదాన్నేమో."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గు కూడా వెంటనే రాలేదు. వేడి గ్లాసు పట్టుకున్నట్టే, కాలుతుందని తెలుసు, కాలడం మాత్రం తెలియడం లేదు. నా అయిదు మూరలూ ఏం చేశారని అడిగాను.

"పారెయ్యలేదులే. పెద్దాడికి ఉయ్యాల కట్టాం. 'మీ అన్నయ్య దెబ్బ బరువు, గట్టిగా ఉంటుంది, పిల్లాడు పడడు' అన్నారు మీ బావగారు."

కుట్టుకు రెండు వైపులా చూశాను. ఇటు పంతొమ్మిదేళ్ళ పిల్ల పట్టుదలగా ఆపిన మూడు మూరలు, అటు నాలుగేళ్ళ తరవాత తనంతట తాను వచ్చి కూర్చుని నేసిన అయిదు. ఒకే చెయ్యి అని చూపుకి తెలుస్తోంది. వేలు పెట్టి తడిమాను, ఏమీ అందలేదు. చెల్లెలు నా చూపుడువేలు పట్టుకుని కుట్టు మీద అటూ ఇటూ నడిపించి, "తెలుస్తోందా?" అంది. తెలుస్తోందని చెప్పడం ఎంత సులువో. "తెలియడం లేదమ్మా" అన్నాను. పోనీలే అంది, మడత పెట్టి సంచీలో పెట్టుకుంది, ఇద్దరం భోజనానికి లేచాం.

పెళ్ళి ఫోటోలు మర్నాడే ఫోనులోకి వచ్చాయి. ఆ పాలిస్టర్ తెలుపు నిజంగానే మెరిసింది. అడ్డుతెర ఇంకా తియ్యకముందు తెర పైనుంచి వంగి పిల్లాడు ఏదో అడుగుతున్నాడు, మా మనవరాలు పగలబడి నవ్వుతూ ఏదో జవాబు చెబుతోంది. పెళ్ళికి ముందు రెండేళ్ళపాటు ఒకరినొకరు అడగాల్సినవన్నీ అడిగి, చెప్పాల్సినవన్నీ చెప్పుకుని పీటల మీదకు వచ్చిన పిల్లలు వాళ్ళు. వాళ్ళ బట్టలో ఎవరి చెయ్యీ లేదు, ఉండాల్సిన అవసరమూ వాళ్ళకు రాలేదు. అద్దెబట్టల మీద నా కోపం పోలేదు, ఇప్పటికీ అది ఘోరమే అంటాను. అయితే మా రోజుల్లో బట్టను చూసి చేతిని గుర్తుపట్టేవాళ్ళం గాని, ఆ చేతిగల మనిషిని ఒక్కమాట అడిగేవాళ్ళం కాదు.

చెయ్యీ మాటా రెండూ కలిసిన పెళ్ళి మా ఇళ్ళల్లో ఒక్కటి జరిగిందని ఈ వయసులో తెలిసింది. అది మా చెల్లెలిదే. కాని మా ఇంటి ముందు పందిట్లో, మూడు వందలమంది ఎదుట, నేను చేసింది కాదు. నాలుగేళ్ళ తరవాత హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక వీధిగదిలో, సన్నాయీ పురోహితుడూ లేకుండా, ఒక పొద్దుటి పూట జరిగింది. దానికి నన్ను పిలవలేదు.